మగ్గానికి చెవిబిళ్ళ

"మా మగ్గానికి చెవి యాడుంటాదని అడుగుతాండాడమ్మా ఈయప్ప! నేనేమని చెప్పాల?"

ధర్మవరం నుంచి సువర్ణ ఫోన్‌లో అరిచిన మొదటి మాట ఇది. సువర్ణ పట్టుచీరలు నేస్తుంది. వాళ్ళ చేనేత సంఘానికి సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది మా ఆఫీసే కాబట్టి మగ్గం మొరాయించినా నాకే ఫోన్, ఇంట్లో పాలు విరిగినా నాకే ఫోన్. ఆ పొద్దు మాత్రం ఆమెను తప్పు పట్టలేకపోయాను.

"చెవేంది సువర్ణా? ఎవరొచ్చినారు?"

"పశువుల ఆసుపత్రి నుంచంట, యూసుఫంట. సంకలో ఐసుపెట్టె, చేతిలో సూది. మగ్గానికి సూది ఎయ్యల్ల, ఏసినాక చెవికి బిళ్ళ కొట్టల్ల అంటాండాడు. మగ్గం రిపేరికి మెస్త్రీ కావల్లని కదమ్మా నేను ఫోన్లో నొక్కింది?"

యూసుఫ్ నాకు తెలిసినవాడే. గొర్రెలకు సూదులు వేసే మనిషి. ఫోన్ ఆయనకిమ్మన్నాను.

"మగ్గానికి సూదేంది యూసుఫ్ భాయ్? తెలివుండే మాట్లాడుతాండావా?"

"నా తెలివి సంగతి తర్వాతమ్మా. ఫోన్లో ఈ అడ్రసే ఉండాది. బిళ్ళ కొట్టి ఫోటో పెట్టందే ఇది ఊరుకోదు. పది నిమిషాలకొకసారి మోగుతాది. పొద్దన్నుంచి మోగుతానే ఉండాది. ఈ ఏర్పాటు పెట్టిందెవరు?"

నేనే. అవతల సుత్తి దెబ్బలు రెండు వినిపించాయి, సువర్ణ కేక వినిపించింది, ఆ తర్వాత యూసుఫ్ ఫోన్ మోగడం మానేసింది. మగ్గం కొయ్యకు గొర్రె చెవిబిళ్ళ కొట్టి, ఫోటో తీసి పెట్టి, పుణ్యం వచ్చినట్టు వెళ్ళిపోయాడు. మా సర్వరు ఆ ఫోటో చూసి "సువర్ణ గారి గొర్రెకు సూది పడింది, ధన్యవాదాలు" అని ఆమెకే సందేశం పంపింది.

నా పేరు షాహిస్తా. సోమందేపల్లెలో హైవే పక్కన, టైర్ల అంగడి మిద్దె మీద మా ఆఫీసు. సర్వరు చూసుకోవడం నా పని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. పదేళ్ళు సర్వరు చూసుకుని చూడండి, మీకెక్కడ ఉంటుందో.

మేం సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది మూడు సంఘాలకు. గొర్రెల పెంపకందార్లు, చేనేతవాళ్ళు, నీళ్ళ ట్యాంకర్లు. మూడింటికీ పని ఒకటే. సభ్యుడు ఫోన్లో నొక్కి ఫలానాది కావాలంటాడు. ఆ కోరిక సర్వర్లో ఒక క్యూలో నిలబడుతుంది. దాన్ని తీసుకుని మనిషి ఫోనుకు పంపితే ఆ మనిషి పోయి, పని చేసి, ఫోటో పెడతాడు. ఈ పనినంతా మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే తిప్పేష్ ఒకసారి గొర్రెల కోసం ఒక ప్రోగ్రాం ముక్కగా, మా భాషలో మాడ్యూల్‌గా రాశాడు. అదే మాడ్యూల్‌ని ఎత్తి మగ్గాల్లోనూ, ట్యాంకర్లలోనూ పెట్టాడు. ఒకసారి వండిన కూర మూడు పూటలా తినేవాళ్ళం, మాకది తప్పనిపించలేదు. మూడు సంఘాలకూ మూడు సర్వర్లుండేవి, ఎవరి దోవ వాళ్ళది.

ఈ ఎండాకాలం మూడు సర్వర్లూ వేడెక్కి పొయ్యిలయ్యాయి. ఒక ఏసీ ఉంది, దానికీ కరెంటు సరిగ్గా రాదు. మా ఓనరు రాజేంద్ర సార్ ఆలోచించి ఆలోచించి, మూడింటినీ ఒకే సర్వర్లో పెట్టించాడు. నేను వద్దనలేదు. ఆ గదిలో చెమటలు కక్కేది నేనే కదా. సువర్ణ ఫోన్ వచ్చింది ఆ మరుసటి రోజే.

మగ్గానికి బిళ్ళ కొట్టడం వరకైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. అదే రోజు మధ్యాహ్నం ఓబులమ్మ ఫోన్ చేసింది. ఓబులమ్మ మా తిప్పేష్ అమ్మ. మడకశిర దగ్గర పల్లె. అరవై రెండు గొర్రెలు. ఆ ఇంటికి ఆధారం అవే. తిప్పేష్ జీతం ఇస్తానన్నా ముట్టుకోదు.

"ఏమ్మే షాహిస్తా, సూదులాయప్పను పంపిస్తానంటివే, ఈడెవరో స్పానరు తీసుకోని వచ్చినాడే!"

"స్పానరా?"

"ఆఁ. మగ్గాల మెస్త్రీనంట. పొట్టేలు కాళ్ళ మధ్య దూరి కిందనుంచి చూస్తాండాడు. దారాలు యాడ పోతాయని అడుగుతాండాడు. పొట్టేలు పొడిస్తే నా పూచీ లేదు, ముందే చెప్తాండా."

పొట్టేలు పొడిచింది. మెస్త్రీ మంచివాడు, పొడిచినా పని వదల్లేదు. అరవై రెండింటినీ లెక్కపెట్టి, "మగ్గాలు కదులుతున్నాయి, గట్టిగా బిగించాలి" అని రాసి, ఫోటో పెట్టి, కుంటుకుంటూ పోయాడు. సర్వర్లో ఓబులమ్మ కోరిక "పని ముగిసింది" అని చేరింది.

నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. వాన పడ్డాక మొలిచే లేత పచ్చిక మేస్తే గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేసింది సాయంత్రానికి ఉండదు. వానకు ముందే సూది పడాలి. ఏటా ఓబులమ్మ ఎండలో నడుచుకుంటూ ఆసుపత్రికి పోయి, అక్కడే కూర్చుని, పోట్లాడి, సూదులాయన్ని వెంటబెట్టుకుని వచ్చేది. ఈసారి నేనే అడ్డం పడ్డాను. "నువ్వు నీడపట్టున కూర్చో పెద్దమ్మా, ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే సూది ఇంటికొస్తుంది, నాదీ పూచీ" అన్నాను. ఆమె నన్ను నమ్మింది. తన కొడుకును కూడా అంతగా నమ్మదు.

నేరుగా యూసుఫ్‌కే ఫోన్ చేసి పొమ్మన్నాను. "పోతానమ్మా, మందేదీ? మీ సర్వరు నంబరు పంపందే ఫ్రిజ్జులోంచి సీసా బయటికి ఇయ్యరు. ఈ ఏర్పాటు పెట్టిందెవరు?" అన్నాడు. అదీ నేనే. మందు పక్కదారి పట్టకూడదని ఎంతో తెలివిగా పెట్టాను.

ఓబులమ్మ కోరికను మళ్ళీ తెరిచి పంపాను. నీళ్ళ ట్యాంకరు పోయింది. డ్రైవరు బాషా దొడ్లో తొట్టి నింపి, ఫోటో పెట్టి వచ్చాడు. గొర్రెలు కడుపునిండా తాగాయి. ఈ కథలో మా సర్వరు చేసిన మంచిపని అదొక్కటే. మళ్ళీ పంపాను. మెస్త్రీ పోయాడు, ఈసారి తలకు హెల్మెట్ పెట్టుకుని. అటు ధర్మవరంలో సువర్ణ ఇంటిముందు బాషా ట్యాంకరు ఆపి, లోపల గుంతమగ్గం కింద కాళ్ళు పెట్టే గుంత చూసి, "ఇదేనామ్మా నింపాల్సింది?" అని పైపు లాగుతుంటే ఆమె చీపురు తిరగేసిందట. యూసుఫ్ ఏమో యాడికి ఊరి దగ్గర ఒక నీళ్ళ ట్యాంకు చుట్టూ చెవి కోసం వెతుకుతున్నాడు.

ఇలా వారం గడిచింది. రాజేంద్ర సార్ రోజుకొక మీటింగ్ పెట్టాడు. మొదటి రోజు ఫోన్లు చెడిపోయాయన్నాడు, రెండో రోజు సభ్యులకు నొక్కడం రాదన్నాడు. మూడో రోజు సర్వరుకు దిష్టి తగిలిందని పైన గుమ్మడికాయ కట్టించాడు. మా నాన్న నబీ సాబ్ సంగతి విని ఒక తాయెత్తు పంపాడు, అదీ కట్టాం. సర్వరు ముచ్చటగా తయారైంది, పని మాత్రం పాతదే.

మధ్యలో వాన పడింది.

రెండేళ్ళ తర్వాత పడిన నిజమైన వాన. సోమందేపల్లెలో జనం రోడ్డు మీదికొచ్చి తడిశారు, టైర్ల అంగడాయన మిఠాయి పంచాడు. నేను కిటికీ దగ్గర నిలబడి, యా అల్లా, ఆపు, ఈ ఒక్కసారికి ఆపు అని మొక్కుకున్నాను. ఈ గడ్డ మీద పుట్టి వాన వద్దని మొక్కుకున్న పాపిష్టిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఓబులమ్మకు ఫోన్ చేశాను.

"దొడ్లోనే పెట్టినా మే. బయటికి ఇడిస్తే సస్తాయి. ఎండుమేత శెనక్కట్టె వేస్తాండా. ఇంగ ఐదారు దినాలకొస్తాది. తర్వాత నువ్వే వచ్చి మేపు" అని పెట్టేసింది.

ఆ రోజు నేను సర్వరు ముందు కూర్చుని, వచ్చిన ప్రతి కోరికా ఎటు పోతోందో ఒక్కొక్కటే వెంటపడి చూశాను. సాయంత్రానికి దొరికింది. మూడు సంఘాల కోరికలూ ఒకే క్యూలో నిలబడుతున్నాయి. ఎవరి చెయ్యి ముందు పడితే ఆ సంఘం లాక్కుంటోంది. ఎందుకంటే మూడింటిలోనూ ఆ క్యూ పేరు ఒకటే, తిప్పేస్వామి. వేరు వేరు సర్వర్లలో ఉన్నప్పుడు ఎవరి తిప్పేస్వామి వాళ్ళకుండేవాడు. ఒకే సర్వర్లోకి వచ్చేసరికి దానికి ముగ్గురున్నారని తెలియలేదు, ఒక్కడే అనుకుంది.

"తిప్పేష్! క్యూకు దేవుడి పేరేందిరా?"

తిప్పేష్ బిత్తరపోయాడు. "మా పల్లెలో అంతేక్కా. ఇంటికి ఏది మొదట వచ్చినా దానికి స్వామి పేరే పెడతాం. మొదటి కొడుకు, మొదటి దూడ, మొదటి బోరు. నేను రాసిన మొదటి క్యూ అక్కా అది. వేరే పేరు పెడితే పని చెయ్యదేమోనని భయమేసింది."

పీక పిసకాలనిపించింది. వాడి ముఖం చూస్తే పిసకబుద్ధి కాలేదు. అక్కడ దొడ్లో ఉన్నవి వాడి తల్లి గొర్రెలు.

పేరు మార్చమన్నాను. భయపడుతూనే మాడ్యూల్ తెరిచి 'తిప్పేస్వామి' తీసి 'కొత్త తిప్పేస్వామి' అని పెట్టాడు. మరునాడు చూస్తే మూడు సంఘాలూ కొత్త తిప్పేస్వామి దగ్గరే కొట్టుకుంటున్నాయి. మాడ్యూల్ ఒక్కటే కదా, దాని లోపల ఏం మార్చినా మూడు చోట్లా మారిపోతుంది. మూడు కాపీలు వేరు చేసి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెడదామన్నాడు రాజేంద్ర సార్. పెట్టకముందే ఆ మాట బయటికి పాకింది. చేనేత సంఘం నుంచి ఫోను, మేం రెండో నంబరా అని. గొర్రెల సంఘం నుంచి ఫోను, ఒకటి మాది కాకపోతే చూస్తాం అని. ట్యాంకర్లవాళ్ళు ఫోన్ చెయ్యలేదు, ఆఫీసు ముందు ట్యాంకరు అడ్డం పెట్టారు. గొర్రెల పని అయ్యేదాకా మిగతా రెండింటినీ కాసేపు ఆపుతానంటే, ఎండాకాలంలో తాగునీళ్ళు ఆపుతావా అని సార్ నా మీద లేచాడు.

అప్పుడు ఓబులమ్మ ఫోన్ చేసింది. అరవలేదు. దానికే నాకు భయమేసింది.

"తిప్పేష్‌ను తీసుకోని రా మే" అంది, అంతే.

మేం పోయేసరికి పల్లె చుట్టూ పచ్చగా ఉంది. రెండేళ్ళుగా ఎర్రమట్టి తప్ప చూడని కళ్ళకు ఆ పచ్చదనం చల్లగా తగలాలి. నేను దాన్ని చూడకుండా దొడ్డి వైపు నడిచాను. దొడ్లో గొర్రెలు కంచెకు ముట్టెలు ఆనించి అరుస్తున్నాయి. శెనక్కట్టె అయిపోయింది. తెల్లవారుజామున ఒక గొర్రె కంచె దూకి పోయి మేసింది. ఈనిన మూడో రోజుది. మధ్యాహ్నానికి పడిపోయింది. ఓబులమ్మ దాన్ని గోనెసంచితో కప్పి, దాని పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తిప్పేష్ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. నేను నిలబడే ఏడ్చాను. ఓబులమ్మ మమ్మల్నిద్దర్నీ ఓదార్చలేదు, తిట్టలేదు. గొర్రెపిల్ల మూతి తుడిచి, వీధిలోకి గొంతెత్తి కేక వేసింది.

"బోరు తిప్పన్నా! మిషను తిప్పన్న ఇంట్లో పాలసీసా ఉండాది, తీసకరాపో!"

ఎదురింటి నుంచి ఒకాయన లేచి, నాలుగిళ్ళ అవతల ఇంకో ఇంట్లోకి పోయాడు. వీధి నిండా మనుషులున్నారు, ఇంకెవరూ తల తిప్పలేదు. కళ్ళు తుడుచుకున్నాను.

"పెద్దమ్మా, ఈ ఊర్లో స్వామి పేరుండే తిప్పన్నలు ఎంతమంది?"

"పదకొండు మంది. ఇదేం అడగడం మే, ఇట్లాంటప్పుడు?"

"కలిసిపోరా?"

"యాల కలిసిపోతారు? ఇంట్లో తిప్పన్న అంటే చాలు. వాకిలి దాటితే ఇల్లు ముందు, పేరు ఎనక."

"ఆ ముందుమాట ఎవరు పెడతారు? పిల్లోడే పెట్టుకోని పుడతాడా?"

ఓబులమ్మ నన్ను మతిపోయినదాన్ని చూసినట్టు చూసింది. "పిల్లోడెట్ల పెట్టుకుంటాడు? యా ఇంట్లో ఉంటే ఆ ఇల్లు పెడ్తాది. నేనూ ఓబులమ్మగానే వచ్చినా ఈ ఇంటికి. వచ్చినాక ఈ ఇంటిపేరు తగిలించిరి. నా పేరు తీసి పారేసినారా? లేదే!"

తిప్పేష్ ఏడుపు ఆపి తలెత్తాడు. వాడికీ అర్థమైంది. మేమిద్దరం ఇన్ని రోజులుగా కోడలి పేరు మార్చాలని చూస్తున్నాం. మార్చాల్సింది మాడ్యూల్ లోపల కాదు. ఏ సంఘంలోకి పోతే ఆ సంఘమే తన ఇంటిపేరు ముందు తగిలించాలి. మాడ్యూల్ తన పేరు తాను మోసుకుని తిరగనీ, దేవుడి పేరైనా సరే.

దొడ్డిగోడ మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. సిగ్నల్ కోసం తిప్పేష్ ఫోన్ పట్టుకుని రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. మాడ్యూల్ ఇంటిపేరు అడిగి తీసుకునేలా రెండు ముక్కలు మార్చాం. గొర్రెల సంఘం 'గొర్రెల' అని ఇచ్చింది, చేనేత 'మగ్గాల' అని, మిగతాది 'ట్యాంకర్ల' అని. సర్వర్లో ముగ్గురు తిప్పేస్వాములు, ఎవరింట్లో వాళ్ళు. ఇంతే పని. టీ చల్లారేంత సేపు పట్టలేదు. దీని కోసం పది రోజులు.

ఓబులమ్మ కోరిక పంపాను. నిమిషంలో యూసుఫ్ నుంచి ఫోను. "అమ్మా, నంబరొచ్చె. నిజంగా గొర్రెలేనా?"

ఆయన బండి దిగి దొడ్లోకి తొంగిచూసి ఐసుపెట్టె కింద పెట్టేశాడు. "చెవులు!" అన్నాడు. "తిప్పేష్, సూడప్పా, అన్నిటికీ చెవులే! దేనికి దానికి రెండు!"

చీకటి పడేలోగా అరవై ఒక్కదానికి సూదులు పడ్డాయి. సూది ఒంటికి పట్టేదాకా బయటికి వదలకూడదు కాబట్టి రాజేంద్ర సార్ ఒక ట్రాక్టరు మేత పంపాడు. గుమ్మడికాయ కూడా దాంట్లోనే వేసి పంపాడు, గొర్రెలు తింటాయని.

మేం బయల్దేరుతుంటే ఓబులమ్మ గొర్రెపిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఇంకా బొడ్డు ఆరలేదు. వేడిగా ఉంది.

"దీని తల్లిని మీ డబ్బా తినె. నీ మాట నమ్మి నేను ఇంట్లో కూచున్యా. అది నేను మర్సిపోను" అంది. "అందుకే దీనికి నీ పేరు పెట్టినా."

"పెద్దమ్మా..."

"కలిసిపోతాదని భయపడొద్దు. నువ్వు సర్వరు షాహిస్తా, ఇది గొర్రెల షాహిస్తా. దీన్ని పిలిసినప్పుడల్లా నాకు గుర్తొస్తాది, నీకూ రావల్ల."

దార్లో పెనుకొండ దాటాక తిప్పేష్, "అక్కా, మా ఇంట్లో మొదటిసారి ఒకదానికి స్వామి పేరు కాకుండా వేరే పేరు" అన్నాడు.

మూడు నెలలైంది, సువర్ణ మగ్గానికి ఆ బిళ్ళ ఇంకా ఉంది. తీస్తానని యూసుఫ్ పోతే తియ్యనివ్వలేదు, అది కొట్టినప్పట్నుంచి మగ్గం ఒక్కసారి కూడా మొరాయించలేదట. నిన్న రాజేంద్ర సార్ కొత్త సంఘం దొరికిందని, అదే మాడ్యూల్ పెట్టెయ్యమని చెప్పాడు. ముందు ఇంటిపేరు చెప్పండి, తర్వాతే ముట్టుకుంటానన్నాను. కోపంగానే అన్నాను.

ఇవాళ ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని సర్వరు చూస్తుంటే గొర్రెల తిప్పేస్వామి క్యూలోకి ఒక కోరిక వచ్చింది. వేరే ఎవరి చెయ్యీ దాని మీద పడలేదు. నేరుగా యూసుఫ్‌కు పోయింది. గంటన్నర తర్వాత ఫోటో వచ్చింది. ఒక చెవి, దానికి కొత్త బిళ్ళ, వెనక ఓబులమ్మ చెయ్యి. కింద రాసి ఉంది: "ఓబులమ్మ. గొర్రెల షాహిస్తా, వయసు మూడు నెలలు. సూది పడింది."

సర్వరు తన అలవాటు ప్రకారం ధన్యవాదాలు అని పంపింది. నేను ఆ చెవిని చూస్తూ చాలాసేపు ఏడ్చాను.